కొట్టివేసిన అర్జీలు

రాజనర్సుకు లోకంలో ఎవరిమీదా పెద్దగా గౌరవం ఉండేది కాదు. తనమీద అసలే లేదు.

మొదటినుంచీ అలా కాదు. నాంపల్లిలోని ఒక సర్కారీ దఫ్తర్‌లో గుమాస్తాగా చేరిన కొత్తల్లో, ఉర్దూలో చిత్తు రాయాలంటే రాజనర్సే రాయాలని పేరు. మెదక్ వైపు కూలిపని చేసుకునే ఇంట్లో పుట్టి, ఎలాగో ఉర్దూ మిడిల్ దాకా చదివి పట్నం చేరినవాడు. ఎంత గొలుసుకట్టు రాతనైనా నిలబడి చదివేసేవాడు. అతను రాసిన చిత్తుమీద కలం పెట్టి దిద్దే సాహసం ఏ అధికారీ చేయలేదు. ఆ రోజుల్లో అతని వెటకారమంతా ఎదుటివాళ్లకే దక్కేది. ఒక వాక్యం సూటిగా రాయలేని తోటి గుమాస్తాలను చూసి, వీళ్లకు కలమిచ్చిన చేతులు విరగ్గొట్టాలని నవ్వేవాడు.

పోలీస్ యాక్షన్ అయింది. ఏడాది తిరిగేలోగా కాగితాల భాష మారిపోయింది. ఉర్దూ పోయి ఇంగ్లీషు వచ్చింది. దానితోపాటు మద్రాసు వైపునుంచి ఒక సూపరింటెండెంటు కూడా వచ్చాడు. రాజనర్సు మొదటిసారి ఇంగ్లీషులో రాసిన నోటును ఆయన రెండు వేళ్లతో, తడిసిన పీలికను పట్టుకున్నట్టు పట్టుకుని పైకెత్తాడు.

"ఏమండీ, ఇదేం ఇంగ్లీషండీ బాబూ? దీన్ని ఇంగ్లీషులోకి మార్చి పట్రండి!"

గది గదంతా నవ్వింది. నవ్వినవాళ్లలో సగం మందికి తమ పేరు ఇంగ్లీషులో రాయడం రాదు. అయినా నవ్వారు. నవ్వకపోతే తమకూ రాదని తెలిసిపోతుందని వాళ్ల భయం.

ఆ నెలలోనే ఉత్తర్వు వచ్చింది. ఏడాదిలోగా ఇంగ్లీషు డ్రాఫ్టింగు, టైపు, రెండు పరీక్షలూ పాసు కావాలి. కానివాళ్లను పాత ఫైళ్ల గదికి పంపేస్తారు. ఎవరికీ అక్కర్లేని ఉర్దూ కాగితాలు గుట్టలు పోసి ఉన్న చీకటి గది అది.

రాజనర్సుకు దఫ్తర్‌లో ఒకే ఒక దోస్తు బిచ్చయ్య. అతనూ ఉర్దూ చదువే, అతనిదీ అదే గతి. ఇద్దరూ సాయంత్రాలు స్టేషన్ ఎదుటి ఇరానీ హోటల్లో కూర్చుని తమ భవిష్యత్తుకు కర్మకాండ చేసేవాళ్లు.

"మనసొంటోళ్లకు గిదంత రాదన్నా," అనేవాడు బిచ్చయ్య. "మన దినాలు పోయినయ్."

"ఔ," అనేవాడు రాజనర్సు. "గాడిదలకు కిరీటాలు పెడ్తున్న కాలం. మనం గాడిదలకన్న కింద."

ఇలా అనుకోవడంలో ఏదో సుఖముండేది. ఇద్దరు మునిగిపోతున్నవాళ్లు ఒకరి లోతు ఒకరు మెచ్చుకుంటున్నట్టుండేది. రోజూ ఇంటికి వచ్చి అదే పాట వినిపిస్తుంటే భార్య లక్ష్మీనర్సమ్మ ఒకనాడు చేతిలో చాట కింద పెట్టింది.

"ఏందయ్యా, దినాం గిదే ఏడుపు? అబిడ్స్‌ల టైపు మిషన్ నేర్పే టీచరమ్మ ఉన్నదంట గదా. పొయ్యి నేర్చుకోరాదు? ఏడిస్తే పరీక్ష పాసైతదా?"

ఆమె పోరు పడలేకే రాజనర్సు అబిడ్స్‌లో ఒక గడియారాల దుకాణం పైనున్న టైపు ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కాడు.

దాన్ని నడిపే మాబెల్ టీచరమ్మకు యాభై దాటాయి. తెల్ల నూలు చీర, ఇనుప ఫ్రేము కళ్లద్దాలు. మిషనరీల స్కూల్లో చదివి, కొన్నాళ్లు నర్సుగా చేసి, ఆ తర్వాత టైపు నేర్చుకున్న మనిషి. నవ్వగా చూసినవాళ్లు లేరు. తప్పు కొట్టినవాణ్ని తిట్టేది కాదు. కాగితం తీసి, తప్పులు లెక్కపెట్టి, పైన అంకె వేసి, మాట్లాడకుండా తిరిగిచ్చేది. అంతకన్నా తిట్టడమే నయమనిపించేది.

మిషన్‌ను చూడగానే రాజనర్సుకు దానిమీద అసహ్యం పుట్టింది. ఇంగ్లీషు అక్షరాలు ఉన్నవే ఇరవై ఆరు. వాటిని వరసగా అమర్చే బుద్ధి కూడా ఈ దొరలకు లేకపోయింది. ఎ పక్కన ఎస్ అట, క్యూ కింద ఎ అట! ఇలా ఫైళ్లు పేర్చిన గుమాస్తాను తమ కాలంలో అదే రోజు ఇంటికి పంపేవాళ్లు. చుట్టూ కాలేజీ పిల్లలు టకటకా కొట్టుకుపోతుంటే, ముప్ఫై ఆరేళ్ల షేర్వానీ మనిషి ఒక్కో అక్షరాన్నీ పెదవులతో పలుకుతూ వెతుక్కుంటూ కొట్టేవాడు.

మూడో వారంలో పై వరస పాఠం వచ్చింది. చిటికెన వేలిని పైకి చాచి క్యూ కొట్టాలి. ఆ వేలు ముప్ఫై ఆరేళ్లుగా ఏ పనీ చేసి ఎరగదు. రాజనర్సు దానితో కుస్తీ పడుతుండగా పక్క బల్లమీది ఇద్దరమ్మాయిలు, కాచిగూడ నుంచి వచ్చే నళిని, ఆమె స్నేహితురాలు సౌభాగ్య, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు.

రాజనర్సు లేచాడు. టోపీ పెట్టుకున్నాడు. మెట్లు దిగి వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు.

ఆ వారమంతా అతని బుర్రలో ఆ నవ్వు ఊరుతూనే ఉంది. మొదటి రోజు ఇద్దరు నవ్వారు. మూడో రోజుకు క్లాసంతా నవ్వింది. వారం తిరిగేసరికి మాబెల్ టీచరమ్మ కూడా కళ్లద్దాల వెనక నవ్వుకుని ఉంటుందని తేలిపోయింది. బిచ్చయ్య అంతా విని తల ఊపాడు. "నేను చెప్పలే?" అన్నాడు. ఆ గొంతులో ఉన్నది జాలో సంతోషమో రాజనర్సు పట్టించుకోలేదు.

తర్వాతి వారం అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు ముందు అతను మాబెల్‌కు దొరికిపోయాడు. దూరంనుంచే గొడుగు చూసి జనంలోకి తప్పుకోబోయాడు. ఆ గొడుగే అడ్డం వచ్చింది.

"వారం సంది రాలేదు. జ్వరమా?"

"లేదు టీచరమ్మా."

"ఇంట్ల ఎవరన్న పోయిన్రా?"

"ఛ, గదేం లేదు."

"మరేంది?"

రాజనర్సు నేలచూపులు చూశాడు. "నాకు రాదు టీచరమ్మా. అందరు నన్ను జూసి నవ్వుతున్నరు. ఈ వయసుల గీ చదువు... నా పని ఖతం."

మాబెల్ గొడుగు మడిచింది. "ఒక్క గుక్కల నాలుగు మాటలన్నరు. ఒక్కొక్కటే చూద్దాం. అందరు అంటే ఎందరు?"

"క్లాసు మొత్తం."

"మీరొచ్చే పూట పదకొండు మంది. పదకొండు మందీ నవ్విన్రా?"

రాజనర్సు వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "ఇద్దరు."

"మరి తొమ్మిది మందిని ఎందుకు బద్నాం చేసిన్రు?"

అతను టోపీ సవరించుకున్నాడు.

"రాదు అన్నరు. మొదటి వారం మీ కాగితంల ముప్ఫై ఎనిమిది తప్పులు. మూడో వారం పద్నాలుగు. కాగితాలు నా దగ్గర పదిలంగ ఉన్నయి. మీకు రాకపోతే మిగతా ఇరవై నాలుగు తప్పులు ఎవరెత్తుకపోయిన్రు?" ఆమె ఊపిరి తీసుకోలేదు. "వయసన్నరు. నేను మిషన్ ముట్టింది ముప్ఫై తొమ్మిదేండ్లకు. ఇగ మీ పని ఖతం అన్నరు. అది మీకెవరు చెప్పిన్రు? ఉత్తర్వు వచ్చిందా?"

"లేదు."

"మా నాయన మిషన్ దవాఖానల కాంపౌండర్. కొత్తగా చేరిన నర్సమ్మలు రోగి చార్టుమీద 'బతికేటట్టు లేడు' అని రాస్తే చింపి పారేసెటోడు. 'నాడి రాయి, జ్వరం రాయి, ఊపిరెట్లున్నదో రాయి. బతుకుతడో చస్తడో నిన్నెవరడిగిన్రు?' అనెటోడు. మీరు వారం దినాల సంది గదే రాస్తున్నరు. అసలు సంగతి ఒక్క ముక్క రాయలే. రేపొచ్చి ఆ పిల్లల్ని అడుగుండ్రి, ఎందుకు నవ్విన్రో. విచారణ లేకుంట తీర్పు చెప్పుడు మంచి గుమాస్తా పనేనా?"

ఆ చివరి మాట గుచ్చుకుంది. రాజనర్సును ఎవరేమన్నా సహించేవాడు గాని, గుమాస్తాగా తక్కువ చేస్తే సహించలేడు.

మర్నాడు వెళ్లాడు. నళిని బల్ల ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఆ ఒక్క ప్రశ్న అడగడంకన్నా చార్మినారు మీదినుంచి దూకడం తేలికనిపించింది.

"అమ్మా, ఆ దినం మీరు నవ్విన్రు. నన్ను జూసేనా?"

కాదంటుందని లోపల ఎక్కడో చిన్న ఆశ ఉంది. నళిని సౌభాగ్య వైపు చూసింది. తర్వాత తలెత్తి చెప్పింది.

"ఔ సార్. మిమ్మల్ని జూసే."

రాజనర్సు చెవులు వేడెక్కాయి.

"మీరు క్యూ కొట్టినప్పుడల్ల మిషన్‌ను 'కంబఖ్త్' అని తిట్టిన్రు. ఆ లైనుల ఆరు క్యూలున్నయి. ఆరుసార్లు తిట్టిన్రు. ఆఖరికి క్యూ లేకున్నా ఏడోసారి తిట్టిన్రు. ఇగ మాకు నవ్వాగలే. తప్పయింది సార్."

"నాకు టైపు రాదని నవ్వలే?"

"గదెందుకు సార్? మాకే వస్తలేదు," అంది సౌభాగ్య.

రాజనర్సు తన మిషన్ దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. వింతగా ఉంది. తను భయపడ్డది నిజమే అయింది. వాళ్లు నవ్వింది తనను చూసే. అయినా పైకప్పు కూలలేదు. వారం రోజులు తను మోసిన కొండ, విప్పి చూస్తే, ఏడు తిట్లు. ఏడో తిట్టు తలచుకుంటే అతనికే నవ్వొచ్చింది. మాబెల్ వచ్చి కాగితం బిగించి, "ఏమన్నరు?" అంది. చెప్పాడు.

"నవ్విన్రు. గదొక్కటే రాసుకోండ్రి. 'కాబట్టి నాకు రాదు' అన్నది వాళ్లనలే, మీరు అతికించిన్రు," అని తర్వాతి బల్లకు వెళ్లిపోయింది.

ఆ వారంలోనే రాజనర్సు ఒక నోటుబుక్కు కొన్నాడు. తన బుర్రలోకి వచ్చే ప్రతి చెడ్డ ఆలోచననూ అర్జీగా నమోదు చేయడం మొదలుపెట్టాడు. పదిహేనేళ్లు అర్జీలమీద నోట్లు రాసిన చేయి. ఉర్దూలో, మంచి దఫ్తర్ భాషలో రాసేవాడు. పైన ఫిర్యాదు, కింద విచారణ, ఆ కింద ఉత్తర్వు.

సూపరింటెండెంటు ఈ రోజు నా మొహం చూడకుండా వెళ్లాడు, నన్ను తీసేయబోతున్నాడు అని ఒక అర్జీ. విచారించగా ఆయన ఎవరి మొహమూ చూడలేదు. పన్ను వాచి, దవడ పట్టుకుని తిరుగుతున్నాడు. ఆధారం లేనందున కొట్టివేయడమైనది. పొద్దున లక్ష్మీనర్సమ్మ మాట్లాడలేదు, నేనంటే ఆమెకు ఏవగింపు అని ఇంకొకటి. విచారణకు వెళితే ఆమె బియ్యంలో రాళ్లేరుతూ, "నువ్వు మాట్లాడితివా, నేను మాట్లాడనీకి?" అంది. కొట్టివేయడమైనది, అర్జీదారును గట్టిగా మందలించడమైనది.

అన్నీ అంత తేలిగ్గా పోలేదు. నా ఇంగ్లీషు బాగాలేదు అన్న అర్జీకి ఆధారాలు ఎర్ర పెన్సిలు గీతలతో సహా దండిగా ఉన్నాయి. దాన్ని కొట్టేయడం అన్యాయం. స్వీకరించి, రోజూ ఒక పేజీ రాయవలెనని ఉత్తర్వు వేశాడు. కాని అదే అర్జీ అడుగున, కాబట్టి నేను ఎందుకూ పనికిరానివాణ్ని అని ఒక విన్నపం వేలాడుతోంది. పై ఫిర్యాదుకూ ఈ విన్నపానికీ సంబంధమేమిటని ఎంత వెదికినా కనబడలేదు. ఇంత చేతగాని అర్జీని పల్లెటూరి దస్తావేజుల రాతగాడు కూడా రాయడు. రాజనర్సు దాన్ని చూసి పకపకా నవ్వాడు. ఇన్నేళ్లూ మనుషులమీద వృథా చేసిన వెటకారానికి ఇన్నాళ్లకు తగిన చోటు దొరికింది.

అయితే ఆలోచనలు కూడా మొండి అర్జీదారులే. పొద్దున కొట్టేసినది సాయంత్రానికి పేరు మార్చుకుని మళ్లీ వచ్చేది.

ఒకనాడు సూపరింటెండెంటు అతని చిత్తును అందరి ముందూ బిగ్గరగా చదివి, పెన్సిలుతో గీకి, బల్లమీదికి విసిరాడు. "మీకీ జన్మలో ఇంగ్లీషు రాదండీ రాజనర్సుగారూ! ఒట్టేసి చెబుతున్నా."

మునుపైతే తల దించుకుని వచ్చేసేవాడు. ఇప్పుడు కాగితం తీసుకుని అక్కడే నిలబడ్డాడు.

"ఎన్ని తప్పులున్నయ్ సార్?"

"ఏమిటీ?"

"తప్పులు. ఎన్నో చెప్తే రాసుకుంట."

సూపరింటెండెంటు విసుగ్గా లెక్కపెట్టాడు. "పదకొండు!"

"పోయిన వారం పంతొమ్మిది సార్," అన్నాడు రాజనర్సు మర్యాదగా. "దిద్ది తెస్త. సంతకం ఈ దినమే కావాలె."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సూపరింటెండెంటు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన్ను చూస్తే రాజనర్సుకు మొదటిసారి భయం వేయలేదు. పంటినొప్పితో, పరాయి ఊళ్లో, తను చదవలేని ఉర్దూ ఫైళ్ల మధ్య కూర్చున్న మనిషి. ఆయనకు మాత్రం రాత్రిపూట ఏ అర్జీలు వస్తాయో!

సాయంత్రం బిచ్చయ్య మండిపడ్డాడు. "వాని ముంగట తప్పులు లెక్కవెట్టించుకున్నవా? ఇజ్జత్ లేదా నీకు?"

"ఇజ్జత్ ఉన్నది. తప్పులే తగ్గాలె," అన్నాడు రాజనర్సు. బిచ్చయ్య అప్పటినుంచి వేరే బల్ల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాడు.

పరీక్షలు జరిగాయి. బిచ్చయ్య రాయలేదు. ఫలితాలు దఫ్తర్ గోడకు అంటించారు. రాజనర్సు టైపు పాసయ్యాడు. డ్రాఫ్టింగు నాలుగు మార్కులతో పోయింది.

"నేను చెప్పలే?" అన్నాడు బిచ్చయ్య వెనకనుంచి. ఈసారి ఆ గొంతులో సంతోషం స్పష్టంగా వినబడింది.

రాజనర్సు నడిచి నడిచి పబ్లిక్ గార్డెన్స్‌లో ఒక బెంచీమీద కూలబడ్డాడు. మిట్టమధ్యాహ్నం. కొట్టివేసిన అర్జీలన్నీ ఒక్కసారిగా లేచి, గేట్లు తోసుకుని లోపలికొచ్చాయి. నీకు రాదు. అందరూ నవ్వుతున్నారు. నీ పని ఖతం. గాడిదకన్నా కింద. ఒక్కదానికీ నోటు రాసే ఓపిక లేదు. పుస్తకం జేబులోనే ఉంది, తీయబుద్ధి కాలేదు. ఇన్ని నెలలూ తనను తాను మోసం చేసుకున్నానేమో, ఆ టీచరమ్మ లెక్కలన్నీ చిన్నపిల్లలకు చెప్పే మాటలేమో అనిపించింది. చాలాసేపు అలాగే కూర్చున్నాడు. మనసు తేలికపడలేదు. కాని మెల్లగా ఒక సంగతి గమనించాడు. ఈ గోలంతా కొత్తదేం కాదు. అదే భాష, అవే మాటలు, అదే వరస. ఏడాది కిందట ఇరానీ హోటల్లో అన్నవే. ఒక్క కొత్త ఆధారం లేదు. ఇంత పెద్ద ఓటమి జరిగితే కనీసం ఒక కొత్త వాక్యమైనా రాయలేకపోయాయి ఈ దద్దమ్మలు!

కొత్త సంగతి ఒకటే. నాలుగు మార్కులు.

లేచి మళ్లీ దఫ్తర్‌కు వెళ్లాడు. గోడమీది పట్టిక నిదానంగా చదివాడు. నలభై ఒక్కమంది రాస్తే డ్రాఫ్టింగులో ఇరవై మూడు మంది పోయారు. పోయినవాళ్లందరిలో ఎక్కువ మార్కులు తనవే. తప్పినవాళ్లలో మొదటి స్థానం! అలాంటి పదవి ఇంతకుముందు తనకెప్పుడూ దక్కలేదని వెటకారంగా అనుకుని, పెదవి విరిచి, అక్కడినుంచే అబిడ్స్‌కు నడిచాడు.

మాబెల్ ఓదార్చలేదు. "ఎన్నింటితో పోయింది?"

"నాలుగు."

"దేంట్ల?"

"జవాబు ఉత్తరంల. అర్జీకి నోట్ మంచిగనే రాసిన."

"అయితే ఈ వారం సంది జవాబు ఉత్తరాలే. కూసోండ్రి." అంతే. రాజనర్సుకు ఆ క్షణాన ఆమె నాలుగు మంచి మాటలు చెప్పి ఉంటే ఏడ్చేసేవాడు. ఆమె చెప్పలేదు గనక కాగితం బిగించాడు.

పరీక్ష రాసి తప్పినవాళ్లకు ఆరు నెలలకు రెండో అవకాశం ఇచ్చారు. రాజనర్సు పాసయ్యాడు. గొప్పగా కాదు, కావలసినదానికన్నా మూడు మార్కులు ఎక్కువ. సూపరింటెండెంటు జాబితా చదివి, "అదృష్టవంతులండీ," అన్నాడు. "ఆరు నెలల అదృష్టం సార్," అన్నాడు రాజనర్సు. లక్ష్మీనర్సమ్మ ఆ సాయంత్రం సంగతి విని, "మరి ఏడాది సంది ఏడ్చిన ఏడుపు ఏం జేస్తవ్?" అని అడిగి, నవ్వాపుకుంటూ లోపలికి వెళ్లింది.

బిచ్చయ్యను పాత ఫైళ్ల గదికి మార్చారు. అక్కడికి వెళ్లాక అతను రాజనర్సును చూస్తే మొహం తిప్పుకోసాగాడు. బిచ్చయ్యకు నేనంటే పడదు అన్నది బహుశా ఆ నెలలో రాజనర్సు పుస్తకంలోకి వచ్చిన ఒకే ఒక అర్జీ. విచారణ లేకుండా వదిలేయడం కుదరలేదు. ఒక మధ్యాహ్నం ఆ గదిలోకి వెళ్లాడు.

"బిచ్చన్నా, నా మీద కోపమా?"

బిచ్చయ్య ఇంకో ఫైలు తీసి దుమ్ము దులిపాడు. తర్వాత దాన్ని విసిరి కొట్టాడు.

"ఔ. నిన్ను జూస్తే కడుపు మండుతది. ఇద్దరం ఒక్క బురదల ఉంటిమి. నువ్వు లేసి పోయినవ్. నీ కన్న నా ఉర్దూ ఏం తక్కువనే? చాలా? ఇంకేమన్న ఉన్నదా?"

ఈ అర్జీ కూడా నిజమే అయింది. రాజనర్సుకు నొప్పి కలిగింది. కాని ఆ నొప్పికి ఏ తోకా అతికించాలని అనిపించలేదు. మంట బిచ్చయ్యది. దాన్ని తను తీసేయలేడు, తన నేరమని నెత్తిన పెట్టుకోనూ అక్కర్లేదు.

"నీ ఉర్దూ నా దానికన్న ఒక మెట్టు ఎక్కువనే," అన్నాడు నిజాయితీగా. "గది ఎవ్వరు కాదనరు."

బిచ్చయ్య ఉలిక్కిపడి చూశాడు. ఎగతాళేమోనని అతని మొహంలో వెదికాడు. దొరకలేదు. మొహం మళ్లీ ముడుచుకున్నాడు గాని, పొమ్మని మాత్రం అనలేదు. రాజనర్సు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుని, దుమ్ము పట్టిన ఫైళ్లలో తన వంతు సగం ముందుకు జరుపుకున్నాడు. దఫ్తర్ మూసేదాకా ఇద్దరూ కట్టలు కట్టారు.